రేసు గుర్రానికి ఎక్కడ నొప్పిగా ఉందో ట్రెయినర్‌కు ఎంతవరకు తెలుస్తుంది?

ప్రశ్న: మల్లేశ్వరం తెలుగువాడు

అందరికీ నమస్కారం. మాది హిందూపురం. ఉద్యోగరీత్యా చాలా ఏళ్లుగా బెంగళూరులో ఉంటున్నాము. ఇక్కడి టర్ఫ్ క్లబ్‌లో పరుగెత్తే ఒక మూడేళ్ల ఆడగుర్రంలో వాటా తీసుకోమని మిత్రులు కొందరు కొంతకాలంగా అడుగుతున్నారు. డబ్బు సంగతి నేను తేల్చుకోగలను. నన్ను వెనక్కి లాగుతున్నది వేరే విషయం.

ఆ గుర్రాన్ని చూడడానికి ఒక ఉదయం వాళ్లతో కలిసి వెళ్లాను. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. సైసు, అంటే గుర్రాన్ని రోజంతా చూసుకునే మనిషి, జీను వేసి, పొట్ట కింది పట్టీ బిగించబోతుండగా ఆ గుర్రం రెండు చెవులూ వెనక్కి మడిచి, మెడ తిప్పి, అతని మోచేతిని పళ్లతో అందుకోబోయింది. పక్కనే ఉన్న ట్రెయినర్ అది చూసి, "పొగరుబోతు పిల్ల, పరుగున్న గుర్రాలన్నీ ఇంతే" అని మాతో అన్నారు. సైసు మాత్రం ఏమీ అనలేదు. పట్టీని ఒక రంధ్రం వదులు చేసి, కాసేపు ఆగి, దాని మెడ నిమిరి, మళ్లీ నెమ్మదిగా బిగించాడు. ఈసారి అది కదలకుండా నిలబడింది గాని చెవులు మాత్రం నిలబెట్టలేదు.

ఆ ట్రెయినర్ ఈ పనిలో తల పండినవారు. ఆయన మాట తప్పని చెప్పేంత తెలివి నాకు లేదు. అయితే ఒకే గుర్రాన్ని ఒకే క్షణంలో చూసిన ఇద్దరు మనుషులు రెండు వేర్వేరు సంగతులు గ్రహించారని మాత్రం నాకు గట్టిగా అనిపించింది. నా సందేహం ఇది: రోజూ గుర్రాల మధ్యే బతికే ట్రెయినర్లకు వాటి బాధ, భయం, విసుగు నిజంగా తెలుస్తాయా, లేక పరుగుకు పనికివచ్చే సంగతులు మాత్రమే తెలుస్తాయా? నాబోటి కొత్తవాడు వాటా తీసుకునే ముందు ఏమి చూడాలి, ఎవరిని అడగాలి? పందెం కాయడం మంచిదా చెడ్డదా అన్న చర్చలోకి దయచేసి వెళ్లవద్దని మనవి. నాకు కావలసింది గుర్రం సంగతి.

జవాబు: పాత జీను

మల్లేశ్వరం గారూ, మొదట చెన్నై గిండీలోనూ ఆ తర్వాత బెంగళూరులోనూ గుర్రపుశాలల్లో చాలా కాలం పనిచేశాను. రోజూ గుర్రాన్ని ఎక్కి పని చేయించే రైడింగ్ బాయ్‌గా మొదలుపెట్టి, ఒక ట్రెయినర్ దగ్గర సహాయకుడిగా విరమించాను. కాబట్టి లోపలి సంగతులు నాకు తెలిసినంతవరకు రాస్తాను.

ముందుగా ట్రెయినర్ల పక్షాన ఒక మాట చెప్పాలి, ఎందుకంటే వారికి ఏమీ తెలియదనుకుంటే అది అన్యాయం. మంచి ట్రెయినర్ ఉదయం శాలలోకి రాగానే గుర్రాన్ని చూడడు, దాణా తొట్టిని చూస్తాడు. రాత్రి పెట్టిన ఓట్సు, తవుడు అడుగున మిగిలి ఉంటే ముందు రోజు చేయించిన పని ఆ గుర్రానికి ఎక్కువైందని అనుమానించి, ఆ రోజు గాలప్ (పూర్తి వేగం పరుగు) మాని నడకతో సరిపెడతాడు. ఆ తర్వాత ముంగాళ్లు. రాత్రంతా కాళ్లకు కట్టిన పట్టీలు విప్పిన వెంటనే చేయి పెడితే కాలు ఎలాగూ వెచ్చగానే తగులుతుంది కనుక, విప్పి కాసేపు ఆగి, నీళ్లు పోయకముందే, మోకాలి కింద నుంచి గిట్ట దాకా కాలి వెనక స్నాయువు వెంబడి అరచేతిని మెల్లగా దించుతాడు. రెండో కాలితో పోల్చి చూస్తాడు. వేలి వెడల్పు మేర వేడి ఎక్కువగా తగిలినా, చిన్న ఉబ్బు తగిలినా ఆ రోజుకు పని ఆపేస్తాడు. తర్వాత గట్టి నేల మీద ట్రాట్‌లో (దుడుకు నడకలో) నడిపించి తల ఊపు చూస్తాడు. ముంగాలిలో నొప్పి ఉన్న గుర్రం ఆ కాలు నేలను తాకినప్పుడు తల పైకెత్తి, బాగున్న కాలు తాకినప్పుడు తల దించుతుంది. ఇవన్నీ ఏళ్ల తరబడి పొద్దున్నే లేచి చేతులతో నేర్చుకున్న విద్యలు, ఎవరూ తక్కువ చేయదగినవి కావు.

అయితే ఈ విద్య అంతా ఒకే ఒక్క ప్రశ్నకు జవాబు వెతుకుతుంది: ఈ గుర్రం పరుగెత్తగలదా, లేదా? గుర్రం సుఖంగా ఉందా అన్నది దానికి పక్కనే ఉన్నా, వేరే ప్రశ్న. కాలు చల్లగా ఉండి, దాణా ఖాళీ అయి, ఊపిరి త్వరగా కుదుటపడితే మొదటి ప్రశ్నకు జవాబు దొరికినట్టే. రెండో ప్రశ్న అడగడానికి ట్రెయినర్‌కు తీరిక ఉండదు. పదుల సంఖ్యలో గుర్రాలున్న శాలలో ఒక్కొక్క గుర్రానికి ఆయన ఇవ్వగలిగేది ఉదయం కొన్ని నిమిషాలు మాత్రమే. మిగతా రోజంతా, దాదాపు ఇరవై గంటలకు పైగా, ఆ గుర్రం నాలుగు గోడల మధ్య ఉంటుంది. ఆ సమయంలో దాని సంగతి తెలిసినవాడు సైసు ఒక్కడే.

ఒక ఉదాహరణ చెబుతాను. గుర్రం నిలబడే కునుకు తీయగలదని అందరూ అంటారు. అది నిజమే, కాని గాఢనిద్ర పట్టాలంటే అది పడుకోవలసిందే. అలికిడి ఎక్కువగా ఉన్న చోట, భయమున్న చోట, కాళ్లు నొప్పిగా ఉన్నప్పుడు గుర్రం పడుకోదు. ఉదయం తలుపు తీసినప్పుడు తుంటి మీద, పక్కటెముకల మీద గడ్డి పోచలు అంటుకుని ఉంటే రాత్రి పడుకుందని సైసుకు తెలుస్తుంది. వరుసగా అనేక రాత్రులు ఒళ్లు శుభ్రంగా ఉండి, పడుకోవడానికి పరిచిన గడ్డి నలగకుండా ఉంటే ఏదో తేడా ఉందని కూడా అతనికి తెలుస్తుంది. ట్రెయినర్ వచ్చేసరికి మాలిష్ చేసి, ఒళ్లు తుడిచి, గడ్డి సర్ది ఉంచుతారు కాబట్టి ఆయన కంటికి ఏ గుర్తూ కనిపించదు.

మరి సైసు చెప్పవచ్చు కదా అని మీరు అడగవచ్చు. చెప్పాలంటే ముందు సైసుల మీద పెద్ద అయిన జమేదారుకు చెప్పాలి, జమేదారు ట్రెయినర్‌కు చెప్పాలి. సైసు మాట మీద ఒక గుర్రాన్ని రేసు నుంచి తప్పించిన తర్వాత డాక్టరు వచ్చి ఏమీ లేదని తేల్చితే ఆ సైసు తిట్లు తింటాడు. చెప్పకుండా ఊరుకుని గుర్రం కుంటిదైతే అతన్ని ఎవరూ అడగరు. ఇలాంటి చోట తక్కువ జీతం మీద బతికే మనిషి నోరు కట్టుకోవడమే నేర్చుకుంటాడు. నేను చూసిన ట్రెయినర్లలో అందరికంటే బాగా గుర్రాలను అర్థం చేసుకున్నాయన పెద్ద గొప్ప చూపున్నవాడు కాదు. శాలలోకి రాగానే మొదట సైసు పక్కన నిలబడి, తెలుగో తమిళమో హిందీయో అతనికి వచ్చిన భాషలో, "రాత్రి ఎలా ఉంది?" అని అడిగేవాడు, జవాబు పూర్తయ్యేదాకా కదిలేవాడు కాదు. ఆయనకు తెలిసినదానిలో సగం ఆ పలకరింపులోంచి వచ్చిందే.

నలుడు బాహుకుడై ఋతుపర్ణుడి కొలువులో ఉన్నప్పటి కథ మనందరికీ తెలుసు. ఒక్క పగటిలో విదర్భకు చేరాలంటే అతను బక్కగా కనిపించే గుర్రాలను ఎంచుకున్నాడు, రాజు వాటిని చూసి విసుక్కున్నాడు. గుర్రాల మనసెరిగే విద్య అయిన అశ్వహృదయం అనగానే అందరూ ఆ ఎంపికనే తలుచుకుంటారు. ఆ తర్వాత రాజు రథమెక్కగానే ఆ గుర్రాలు మోకాళ్ల మీద కూలబడితే, నలుడు వాటిని బుజ్జగించి లేపాడన్న సంగతి ఎక్కువమంది గుర్తుంచుకోరు. మన శాలల్లో ఎంపిక ట్రెయినర్ పని అయింది, బుజ్జగింపు సైసు పని అయింది. ఆ రెండూ తెలిసిన ఒక్క మనిషి ఎక్కడైనా ఉంటే ఆ శాలలోనే మీ వాటా పెట్టండి.

జవాబు: హెబ్బాళ పశువైద్యుడు

పాత జీను గారు రాసినదానితో నేను ఏకీభవిస్తున్నాను. వైద్యం వైపు నుంచి కొన్ని సంగతులు చేర్చుతాను, ఎందుకంటే అసలు ప్రశ్నలో చెప్పిన గుర్రం ప్రవర్తన నాకు చాలా పరిచయమైనది.

జీను పట్టీ బిగించేటప్పుడు చెవులు మడవడం, కరవబోవడం పొగరు అని కొట్టిపారేయదగిన లక్షణం కాదు. పట్టీ కింద చర్మం ఒరుసుకుపోయి ఉండవచ్చు, వెన్నులో నొప్పి ఉండవచ్చు, మునుపెప్పుడో ఒక్కసారిగా బిగించిన జ్ఞాపకం ఉండవచ్చు. అయితే శిక్షణలో ఉన్న గుర్రం విషయంలో నేను ముందుగా అనుమానించేది కడుపులో పుండ్లను. మనకు భోజనం వేళకు ఆమ్లం ఎక్కువగా ఊరుతుంది, గుర్రానికి మాత్రం తిన్నా తినకపోయినా రోజంతా ఊరుతూనే ఉంటుంది. బయట వదిలేస్తే రోజులో పధ్నాలుగు, పదహారు గంటలు మేస్తూనే ఉండే జంతువు అది. నమిలినప్పుడు ఊరే లాలాజలం ఆ ఆమ్లానికి విరుగుడుగా పనిచేస్తుంది. శాలలో కట్టేసి, గడ్డి తగ్గించి, శక్తి కోసం రెండు మూడు పూటలా ఓట్సు పెడితే నమలడం తగ్గిపోతుంది, ఆమ్లం మాత్రం తగ్గదు. పైగా వేగంగా పరుగెత్తేటప్పుడు పొట్టలో ఒత్తిడి పెరిగి, రక్షణ పొర లేని పై భాగానికి ఆమ్లం ఎగదన్నుతుంది. అందుకే రేసు శిక్షణలో ఉన్న గుర్రాల్లో అత్యధిక భాగానికి ఏదో ఒక స్థాయిలో పుండ్లు ఉంటాయని అనేక దేశాల్లో పరీక్షలు చూపించాయి. దాదాపు మూడు మీటర్ల పొడవున్న ఎండోస్కోపును ముక్కులోంచి కడుపులోకి పంపి చూస్తే తప్ప నిర్ధారణ కాదు. చికిత్స ఉంది, ఒమెప్రజోల్ అనే మందు బాగానే పనిచేస్తుంది. కాని మేత పద్ధతి మారకపోతే పుండ్లు తిరగబెడతాయి. పనికి తీసుకెళ్లే ముందు కొంత గడ్డి తినిపించడం వంటి చిన్న మార్పుకు ఖర్చే లేదు.

ఇక ట్రెయినర్లకు ఎందుకు తెలియదన్న ప్రశ్న. గుర్రం పులికి, తోడేలుకు ఆహారమైన జంతువు. మందలో కుంటుతూ కనిపించినదే ముందు వేటకు చిక్కుతుంది కనుక నొప్పిని దాచుకోవడం దాని పుట్టుకలోనే ఉంది. కుక్కలాగా మూలగదు. అందువల్ల దాని ముఖాన్ని చదవడం ప్రత్యేకంగా నేర్చుకోవాలి. 2014లో యూరప్ పరిశోధకులు గుర్రం ముఖంలో నొప్పి గుర్తులు ఆరు గుర్తించి ఒక కొలమానం తయారుచేశారు: బిర్రబిగుసుకుని వెనక్కి తిరిగిన చెవులు, సగం మూసుకున్న కళ్లు, కంటి పై భాగంలో బిగువు, ఉబ్బి కనిపించే దవడ కండరాలు, బిగించిన నోరు కింద పొడుచుకొచ్చిన గడ్డం, బిగిసిన ముక్కుపుటాలు. స్వారీలో ఉన్న గుర్రాల కోసం ఇంగ్లండులో సూ డైసన్ అనే వైద్యురాలు 2018లో 24 ప్రవర్తనలను ఎంచి, వాటిలో ఎనిమిది గాని అంతకంటే ఎక్కువ గాని కనిపిస్తే నొప్పి ఉందని అనుమానించాలని చెప్పారు. అది రేసు గుర్రాల కోసం తయారైనది కాకపోయినా, తోక అదేపనిగా విసరడం, నోరు తెరిచి కళ్లెంతో పెనుగులాడడం వంటి గుర్తులు ఎక్కడైనా చూడదగినవే.

ఇంకో సంగతి ట్రెయినర్లకు రుచించకపోవచ్చు గాని చెప్పక తప్పదు. ఫ్రాన్స్‌లో రైడింగ్ స్కూళ్ల గుర్రాల మీద జరిగి 2014లో వెలువడిన ఒక అధ్యయనంలో, గుర్రాలు అదేపనిగా తలలు ఊపడం, తలుపు అంచును కొరికి గాలి మింగడం వంటి అలవాట్లు ఎన్నింటికి ఉన్నాయని వాటిని చూసుకునే వాళ్లను అడిగారు. వాళ్లు చెప్పిన సంఖ్య కంటే బయటి పరిశీలకులు కళ్లారా చూసిన సంఖ్య అనేక రెట్లు ఎక్కువగా తేలింది. వాళ్లు అబద్ధం చెప్పారని దీని అర్థం కాదు. రోజూ కనిపించేది కొంతకాలానికి కంటికి ఆనకుండా పోతుంది, అందరి గుర్రాలూ అలాగే ఉన్న చోట అదే మామూలు స్థితి అనిపిస్తుంది. "పరుగున్న గుర్రాలన్నీ ఇంతే" అన్న మాట నాకు అక్కడి నుంచే వచ్చినట్టు తోస్తోంది.

ఎముకల గురించి కూడా చెప్పాలి, మీరు వాటా అనుకుంటున్నది మూడేళ్ల గుర్రంలో కనుక. గాలప్‌లో దాదాపు 450 నుంచి 500 కిలోల గుర్రం గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు ఒక్కో అడుగులో ఒక్క కాలి మీద దాని బరువుకు రెండున్నర రెట్లు భారం పడుతుంది. చిన్న వయసు ఎముక ఆ భారానికి తగ్గట్టు మారగలదు, నిజానికి కొంత వేగం పని లేకపోతే అది గట్టిపడదు కూడా. అయితే అలసిన చోట శరీరం పాత ఎముకను ముందు తొలిచి, ఆ తర్వాత కొత్తది నింపుతుంది. గుంతలు పూడ్చడానికి ముందు రోడ్డును తవ్విపెట్టినట్టు, ఆ మధ్య వారాల్లో ఆ చోటు మునుపటి కంటే బలహీనంగా ఉంటుంది. ఆ సమయంలో వేగం పెంచితే సన్నటి పగుళ్లు పెద్దవవుతాయి. రేసులో హఠాత్తుగా విరిగిందని చెప్పుకునే కాళ్లలో ఎక్కువ భాగం అంతకుముందే అలా పగుళ్లు పట్టి ఉన్నవేనని శవపరీక్షలు చూపించాయి. 2019లో అమెరికాలోని శాంటా అనిటా ట్రాక్‌లో కొద్ది నెలల్లో ముప్పై వరకు గుర్రాలు చనిపోయినప్పుడు అక్కడ పెద్ద కలవరం రేగి, మరుసటి సంవత్సరమే రేసుల భద్రత మీద జాతీయ చట్టం వచ్చింది. ఇలాంటి పగులు అరచేతికి వేడిగా తగలకపోవచ్చు. గుర్రం అడుగు పొడవు కొద్దిగా తగ్గడం, మలుపులో ముందుకు వేసే కాలిని మార్చడానికి ఇష్టపడకపోవడం వంటివి స్వారీ చేసేవాడికి ముందు తెలుస్తాయి. కాబట్టి సైసుతో పాటు రోజూ ఎక్కే రైడింగ్ బాయ్‌ని కూడా అడగాలి.

చెన్నై శాలల గురించి ఒక్క మాట. ఉక్కగా ఉండే ఊళ్లలో కొన్ని గుర్రాలకు చెమట పట్టడం క్రమంగా ఆగిపోతుంది. ఒళ్లు పొడిగా ఉండి, పని ముగిసి చాలాసేపైనా ఊపిరి ఎగపోస్తూనే ఉంటుంది. చెమట పట్టని గుర్రాన్ని చూసి మంచి ఫిట్‌గా ఉందని మురిసిపోయినవాళ్లు ఉన్నారు. అది ప్రాణం మీదికి వచ్చే స్థితి. వెంటనే చల్లటి నీళ్లు పోసి, నీడకు చేర్చి, పని ఆపాలి.

జవాబు: వేళచ్చేరి వాసి

పై ఇద్దరూ చెప్పినవి శ్రద్ధగా చదివాను. నేను గుర్రపుశాలలో పనిచేసినవాణ్ణి కాను. చెన్నైలో జంతు సంరక్షణ పనుల్లో చాలా కాలంగా ఉన్నాను. ట్రెయినర్‌కు తెలుసా, తెలియదా అన్న ప్రశ్న దగ్గరే చర్చ ఆగిపోవడం నాకు సరిగ్గా అనిపించడం లేదు. తెలిసిన తర్వాత ఏమి చేస్తారన్నది అసలు సంగతి.

మద్రాస్ రేస్ క్లబ్ కేసులో 1996లో సుప్రీంకోర్టు గుర్రపు పందెం నైపుణ్యం మీద ఆధారపడినదేనని తీర్పు చెప్పింది. గుర్రం పుట్టుక, శిక్షణ, జాకీ సామర్థ్యం ఇవన్నీ ఆ నైపుణ్యంలో భాగంగా లెక్కించారు. అంటే ట్రెయినర్‌కు గుర్రం గురించి తెలుసునన్న నమ్మకం మీదే ఈ వ్యవస్థకు న్యాయస్థానంలో నిలబడే బలం వచ్చింది. అలాంటప్పుడు ఆ తెలివికి బాధ్యత కూడా ఉండాలి. రేసు రోజు దగ్గరపడ్డాక, యజమానులు బంధువులతో సహా రావడానికి సిద్ధమయ్యాక, ముంగాలిలో కాస్త వేడి తగిలిందని ట్రెయినర్ చెప్పగలడా? చెప్పినా ఎంతమంది యజమానులు ఆ మాటను మర్యాదగా వింటారు? రెండుసార్లు అలా చెప్పిన ట్రెయినర్ దగ్గరి నుంచి గుర్రాన్ని వేరే శాలకు తరలించే యజమానులు ఉన్నంతకాలం ట్రెయినర్ తెలివి గుర్రానికి ఉపయోగపడదు.

కొరడా విషయం చూడండి. గుర్రం తోలు మందం కనుక దెబ్బ అంతగా తెలియదని తరతరాలుగా చెబుతూ వచ్చారు. 2020లో ఆస్ట్రేలియాలో సిడ్నీ పరిశోధకులు గుర్రం చర్మాన్ని, మనిషి చర్మాన్ని సూక్ష్మదర్శినిలో పోల్చి చూశారు. నొప్పిని పట్టే నాడులున్న పై పొర మందంలో గాని, ఆ నాడుల సాంద్రతలో గాని చెప్పుకోదగ్గ తేడా లేదని తేలింది. ఇంగ్లండులో 2023 నుంచి అడ్డంకులు దూకనక్కరలేని చదును రేసులో ఆరుకు మించి దెబ్బలు కొట్టరాదన్న నియమం ఉంది. నార్వేలో పరుగు పెంచడానికి కొట్టడం 1980ల నుంచే ఆగిపోయింది, అయినా అక్కడ రేసులు జరుగుతూనే ఉన్నాయి.

రెండోది, పరుగు ముగిశాక ఏమిటన్నది. గుర్రం పాతికేళ్లు, అంతకంటే ఎక్కువ బతుకుతుంది. రేసులో దాని కాలం చాలావరకు ఆరేడేళ్ల వయసుకే ముగుస్తుంది. కొన్ని సంతానోత్పత్తికి వెళతాయి, కొన్ని రైడింగ్ స్కూళ్లకు, కొన్ని పోలీసు అశ్వదళాలకు చేరుతాయి. మిగిలినవి చేతులు మారుతూ పెళ్లి ఊరేగింపులకు, సవారీలకు, ఇంకా అవతలికి వెళ్లిపోతాయి. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మన సామెత. రేసు గుర్రం మాత్రం కుంటిదైన మరునాటి నుంచే దాని దాణా ఖర్చు లెక్కలోకి వస్తుంది. రేసు గుర్రాలు కూడా 2001 నాటి ప్రదర్శన జంతువుల నియమాల కిందికి వస్తాయి, అయితే రిజిస్ట్రేషన్ కాగితం గుర్రాన్ని ముసలితనంలో పోషించదు. ఆ పని యజమాని చేయాలి.

అడిగినవారు: మల్లేశ్వరం తెలుగువాడు

ముగ్గురికీ కృతజ్ఞతలు. వేళచ్చేరి గారూ, మీ మాటలు కటువుగా ఉన్నా వాటిలోని న్యాయం నాకు తెలుస్తోంది. అయితే నేను వాటా తీసుకోకపోతే ఆ గుర్రం పరుగెత్తడం ఆగదు, నా స్థానంలో ఇంకొకరు వస్తారు. అందుకే అడుగుతున్నాను: పది శాతమో పదిహేను శాతమో వాటా ఉన్న వ్యక్తి మాటకు శాలలో విలువ ఉంటుందా? కడుపు పరీక్ష చేయించమని నేను అడిగితే ట్రెయినర్ దాన్ని తన మీద అపనమ్మకంగా తీసుకోరా?

జవాబు: సదాశివనగర్ యజమాని

నాకు ఇక్కడ వాటాలో కొన్ని గుర్రాలు ఉన్నాయి, కనుక మీ చివరి ప్రశ్నకు జవాబు చెప్పగలను. చిన్న వాటాదారు మాటకు విలువ ఉండాలంటే అది డబ్బు కట్టకముందే చెప్పాలి. తర్వాత చెబితే సలహా అవుతుంది, ముందు చెబితే షరతు అవుతుంది. మీ మిత్రులందరినీ కూర్చోబెట్టి, డాక్టరు గాని ట్రెయినర్ గాని సందేహం వెలిబుచ్చితే రేసు నుంచి తప్పించడానికి ఎవరి అనుమతీ అక్కరలేదని, తప్పించినందుకు ట్రెయినర్‌ను ఎవరూ నిలదీయరాదని కాగితం మీద రాసుకోండి. ఈ మాట విన్న ట్రెయినర్ నొచ్చుకుంటాడని మీరు భయపడుతున్నారు. నా అనుభవంలో మంచివాళ్లు దీనికి సంతోషిస్తారు, ఎందుకంటే వారి మీద ఉన్న ఒత్తిడిలో పెద్ద భాగం యజమానుల నుంచి వచ్చేదే. వేళచ్చేరి గారు యజమానుల గురించి అన్నది అక్షరాలా నిజం.

కడుపు పరీక్ష అడగండి. మొహమాటపడవద్దు. "పట్టీ దగ్గర చిరాకు పడుతోంది కదా, ఒకసారి చూపిద్దాం, ఖర్చు నేను పెట్టుకుంటాను" అంటే చాలు. దానితో పాటు గడ్డి సంగతి అడగండి: మధ్యాహ్నం పూట, రాత్రి పూట తొట్టిలో గడ్డి ఉంటుందా, లేక ఓట్సు అయిపోయాక తెల్లవారేదాకా ఖాళీగా ఉంటుందా? ఉదయం కాకుండా మధ్యాహ్నం మూడు గంటలకు ఒకసారి వెళ్లి చూడండి. ఉదయం ప్రతి శాలా చురుకుగానే ఉంటుంది. మధ్యాహ్నం వేళ గుర్రాలు ప్రశాంతంగా గడ్డి నములుతూ, పక్క గుర్రం కనిపించేలా నిలబడి ఉన్నాయా, లేక వరుసగా తలుపుల మీదుగా తలలు అటూ ఇటూ ఊపుతున్నాయా అన్నది చూస్తే ఆ శాల గురించి చాలావరకు తెలిసిపోతుంది. బెంగళూరు రేస్‌కోర్సు ఉన్న హై గ్రౌండ్స్ లాంటి నడి ఊరి చోట బయట వదిలి మేపడానికి పచ్చిక ఉండదన్నది నిజమే, కాని రెండో పూట చేత్తో పట్టుకుని తీరిగ్గా నడిపించడానికి పచ్చిక అక్కరలేదు, మనిషి ఉంటే చాలు.

సైసుతో మాట్లాడండి, కాని ట్రెయినర్ ముందే, ఆయనకు చెప్పి మాట్లాడండి. చాటుగా అడిగితే ఆ మనిషి ఉద్యోగానికి మీరే ముప్పు తెచ్చినవారవుతారు. అతని పేరు తెలుసుకోండి. గుర్రం గెలిచినప్పుడు అతనికి ఇచ్చే బహుమతి కాకుండా, గుర్రం ఆరోగ్యంగా సీజన్ ముగించినందుకు కూడా ఏదో ఒకటి ఇవ్వడం మేము మొదలుపెట్టాము. గెలుపుకు మాత్రమే డబ్బిస్తే గెలుపు గురించే చెబుతారు. ఈ మార్పు తర్వాత మా సైసులు చిన్న చిన్న సంగతులు వాళ్లంతట వాళ్లే వచ్చి చెబుతున్నారు.

ప్రయాణాల గురించి పైన ఎవరూ రాయలేదు. ఒక సీజన్‌లో గుర్రాన్ని బెంగళూరు నుంచి హైదరాబాదుకో, మరో ఊరికో లారీలో పంపుతారు. తల పైకి కట్టేసి గంటల తరబడి నిలబెడితే ముక్కులోంచి దుమ్ము, క్రిములు కిందికి జారే వీలు లేక ఊపిరితిత్తులకు జబ్బు చేస్తుంది. దారిలో ఎక్కడ ఆపుతారు, తల దించుకుని నీళ్లు తాగే వీలు ఇస్తారా, దిగిన తర్వాత ఎన్ని రోజులకు వేగం పని మొదలుపెడతారు అని అడగండి. జవాబు తడుముకోకుండా వస్తే ఆ ట్రెయినర్ ఈ విషయం ఆలోచించినవాడన్నమాట.

పరుగు ముగిశాక గుర్రం ఎక్కడికి వెళుతుందో, నెలనెలా దాని పోషణకు ఎవరెంత కట్టాలో కూడా అదే కాగితంలో రాయించండి. మేము ప్రతి గుర్రం గెలుపు సొమ్ములోంచి కొంత భాగం అందుకోసం వేరుగా ఉంచుతున్నాము. మీ మిత్రుల్లో ఒక్కరైనా ఈ ఒక్క షరతుకు ఒప్పుకోకపోతే ఆ వాటా తీసుకోకండి. కడుపు పరీక్షకు ట్రెయినర్ అడ్డు చెప్పినా అంతే. పరీక్ష జరిగితే ఫలితం ఇక్కడ రాయండి, ఆ ఆడగుర్రం సంగతి తెలుసుకోవాలని నాకూ ఉంది.